గురువారమే బయలుదేరిన సంచి

మొన్న మా కాలేజీలో నాతో పనిచేసే అమ్మాయి, నెలలు నిండిన మనిషి, కాన్పుకు సర్దుకున్న సంచిని ఫోన్లో ఫొటో చూపించి ఇంకేమైనా మరిచానా మేడం అని అడిగింది. దేనికైనా వంక పెట్టకుండా ఉండలేనని స్టాఫ్ రూములో నాకు పేరు. ఆ రోజు మాత్రం బాగుందమ్మా అని లేచి వచ్చేశాను.

నా వయసు ఆడవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన పుట్టిళ్లలో కాన్పుకు సర్దడమంటే పాత నూలు చీరలు ఉడకబెట్టి, ఎండబెట్టి, పొత్తిగుడ్డలుగా చింపి మడవడమే. పుట్టకముందు కొత్త బట్ట కొనకూడదని మా అమ్మ పట్టు, కొంటే ఏమవుతుందని నా పట్టు. తెలంగాణ వచ్చిన కొత్తలో మా చెల్లె తొలిచూలు కాన్పుకు మర్రిగూడ దగ్గరి మా ఊరికి వచ్చినప్పుడు ఈ రభస నెల రోజులు నడిచింది. నాకన్నా పదిహేనేళ్లు చిన్నది, నా చంకలో పెరిగిన పిల్ల. ఫ్లోరైడు నిండిన మా బోరునీళ్లు అప్పటికే దాని నడుమును బిగించేశాయి. నడుము ఎముక విచ్చుకోదు, మామూలు కాన్పు కాదు, శుక్రవారం పొద్దున ఆపరేషన్ చేద్దాం, అప్పటిదాకా మంచం ఖాళీ లేదు, ఈలోగా నొప్పులొస్తే మాత్రం ఒక్క నిమిషం ఇంట్లో ఉంచకండి అని నల్లగొండలో డాక్టరమ్మ చెప్పింది.

శుక్రవారం అనేసరికి అమ్మ అడ్డం తిరిగింది. “శుక్కురారం పూట ఆడివిల్లను ఇంట్లకెళ్లి ఎవలన్న తోలుతరా? నీ సదువు గిదేనానె?” అని నన్నే దులిపింది.

నేను ఊరుకుంటానా? ఆమె శాస్త్రంతోనే ఆమెను గెలవాలనుకున్నాను. పయనానికి రోజు మంచిది కాకపోతే ముందునాడే సంచిని పొరుగింట్లో పెడతారు. సంచి కదిలితే మనిషి కదిలినట్టే, దానికే ప్రస్థానం అని పేరు. అమ్మ దిగివచ్చింది, కాకపోతే అసలు అవసరమైన వస్తువు సంచిలో ఉండాలంది, గడప దాటాక అది మళ్లీ మన ఇంట్లోకి రాకూడదంది. అసలు అవసరమైనది ఇంకేముంది, స్కానింగులు, రక్తం గ్రూపు, డాక్టరమ్మ రాతలు ఉన్న ఫైలే కదా. పొత్తిగుడ్డల మీద దాన్ని పెట్టి, గురువారం సాయంత్రం సంచిని పక్కింటి పెద్దమ్మకు అప్పగించి, గెలిచిన మొహంతో తిరిగివచ్చాను.

తెల్లారి అమ్మ వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లుతుండగానే చెల్లెకు ఉమ్మనీరు పోయింది. ఎనిమిదింటికని మాట్లాడుకున్న ఆటోను పరుగున పోయి పిలుచుకొచ్చాం. పెద్దమ్మ ఇంటికి తాళం. మేం కదిలేది ఎనిమిదింటికే కదా, ఆలోగా రావచ్చని ఆమె పత్తి ఏరడానికి పోయింది, తాళంచెవి బొడ్లోనే ఉంది.

“కాయితాలకు అగ్గి తలుగ, ముందుగాల పిల్లను తీస్కపోదాం పా బిడ్డా” అంది అమ్మ. అవును, అమ్మే అంది. శుక్రవారాన్నీ శాస్త్రాన్నీ ఒక్క క్షణంలో గాలికి వదిలేసింది. వదలనిది నేను. ఫైలు లేకుండా పోతే పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచి అంటారు, కాదంటే హైదరాబాదుకు రాసి పంపుతారు, దవాఖానల పద్ధతి నీకేం తెలుసని ఆటోకు అడ్డం నిలబడి మరీ వాదించాను. చెల్లె ఆటో కమ్మీ పట్టుకుని “అక్కా, పోదామే... పోదామే అక్కా” అంటూనే ఉంది. ఆ వాదనలోనూ నేనే గెలిచాను. ఎదురింటాయన మోటారు సైకిలు మీద పోయి, చేన్లో పెద్దమ్మను వెతికి, తాళంచెవి తెచ్చేసరికి గంట దాటింది.

దవాఖానలో ఫైలు ఎవరూ అడగలేదు. డాక్టరమ్మ చెల్లెను చూడగానే గుర్తుపట్టింది. “నొప్పులెప్పుడు మొదలైనయి? ఇంతసేపేం చేసిన్రమ్మా?” అని మాత్రం అడిగింది. మడిచిన అన్ని గుడ్డల్లో ఒక్కటే ఖర్చయింది, ఏడవని ఆడపిల్లను చుట్టడానికి.

ఇప్పుడు మా ఊళ్లో నల్లా నీళ్లు వస్తున్నాయి, ఫైళ్లు ఫోన్లలోకి ఎక్కాయి, ప్రస్థానమంటే ఏమిటని పిల్లలు అడుగుతున్నారు. మంచిదే. దాని బదులు ఆపరేషన్లకే ముహూర్తాలు పెట్టించుకుంటున్నారు, ఆ గొడవ వేరు. చెల్లెకు మళ్లీ కడుపు నిలవలేదు. కూరలో ఉప్పు దగ్గరనుంచి నాతో కయ్యం పెట్టుకున్న మా అమ్మ, ఆ పొద్దు గురించి తను పోయేదాకా ఒక్క మాట అనలేదు. చెల్లె ఇప్పటికీ అనదు. ఓడిపోవడానికైనా అవతల ఒక మనిషి నోరు విప్పాలి కదా.