కాయని తీగ

త్సాయ్‌నీ కాపురానికొచ్చి పన్నెండేళ్లయింది. ఆమె కడుపు పండలేదు. అత్త ఆ మాట ఎత్తకుండా ఆ ఇంట్లో ఒక్క పూటా గడవలేదు, పాపం.

చిన్‌లింగ్ కొండల్లో వాళ్ల ఊరికి బాగా పైన ఉన్న అడవిలో మిహౌతావ్ తీగలుంటాయి. బయటివాళ్లు కివీ అనేది ఆ పండునే. పెళ్లయిన కొత్తలో మొగుడు యిన్‌స్వో పదకొండు తీగలు తవ్వి తెచ్చాడు. త్సాయ్‌నీ పెరట్లో పందిరి వేసి వాటిని సాకింది. ఊళ్లో అలా పెంచింది ఆమె ఒక్కతే. పది తీగలు విరగకాసేవి, మూలనున్నది మాత్రం పూసి ఊరుకునేది. కాపు వచ్చిన ఆ నాలుగు రోజులే ఆమె తలెత్తుకు తిరిగేది. ఆమెకంటూ ఇంకేమీ లేదు మరి.

ఆ చలికాలం యిన్‌స్వో కాలవ పనికి పోయాడు. కొమ్మలు కత్తిరించి మూలనున్న తీగకు ఎరువేస్తున్న కోడలి వెనక చేరి అత్త మొదలెట్టింది.

"దానికెందుకే అంత ఎరువు? పూతే గానీ కాత లేదు. నీకు సరైన జోడీ! నేనైతే ఆ గొడ్డుదాన్ని ఏనాడో పీకి పారేసేదాన్ని."

"ఏ గొడ్డుదాన్ని అత్తయ్యా? దీన్నా, నన్నా?"

"నీకు తెలీదూ?"

త్సాయ్‌నీకి ఒళ్లు మండింది. రంపం తెచ్చి ఆ తీగను మొదలంటా కోసేసింది. కోసినందుకు ఆ రోజు ఆమెకు కాస్త హాయిగానే ఉంది.

వేసవి మొదట్లో పందిరంతా తెల్లగా పూసింది. పది రోజుల్లో పూలన్నీ నేలరాలాయి. వెతికినా ఒక్క పిందె లేదు. సెలవు మీద వచ్చిన యిన్‌స్వో మూలనున్న మోడును చూసి కూలబడ్డాడు.

"ఎంత పని చేశావు త్సాయ్‌నీ! అది మగతీగ. అది కాయదు, కానీ దాని పుప్పొడి లేకపోతే తక్కినవీ కాయవు. నీకు చెప్పకపోవడం నాదే తప్పు."

అత్త మెటికలు విరిచింది. "దీని చెయ్యి తగిలితే తీగలు కూడా గొడ్డుపోతాయి!"

"అమ్మా, ఇక చాలు!" అన్నాడు యిన్‌స్వో. "మూడేళ్ల కిందట పట్నం ఆసుపత్రిలో చూపించుకున్నా. పిల్లలు పుట్టనిది నావల్లే."

త్సాయ్‌నీ మొగుడి వైపు తిరిగింది. కన్నీళ్లు వాటంతటవే కారిపోతున్నాయి.

"నేను తెలీక నరికానయ్యా," అంది. "మూడేళ్లుగా నువ్వు నన్ను తెలిసే నరికావు."