మిల్లు పొగలో శ్వేత కుబ్జం

సైన్యం ప్రభుత్వాన్ని దించేసిన ఏడాది నేను ఫిజీ దీవుల్లోని లౌటోకాలో ఫిజిక్స్ టీచరును. పెరట్లో కప్పు పక్కకు జరిగే రేకుల షెడ్డు వేయించి టెలిస్కోపు పెట్టుకున్నాను. దాని వెనక నక్షత్రం వెలుగును కొలిచే గొట్టం, ఆ కొలతను కాగితం మీద గీతగా గీసే పెన్ను. నేను చూసేది ఒక శ్వేత కుబ్జాన్ని, అంటే ఇంధనం అయిపోయి చల్లారుతున్న నక్షత్రాన్ని. కొన్ని నిమిషాలకోసారి దాని వెలుగు కాస్త పెరిగి తగ్గుతుంది. ఆ కొలత తెగకూడదంటే, ఒక దేశంలో తెల్లవారితే మరో దేశంలో అందుకోవాలి. నడిసముద్రంలో ఉన్నాం కనుక విదేశీ శాస్త్రవేత్తలు నన్నూ కలుపుకున్నారు.

నా గీత మీద నాకే నమ్మకం లేదు. అది అలలా ఊగేది. కానీ చక్కెర మిల్లు పొగ అడ్డొచ్చినా ఊగుతుంది, కరెంటు తగ్గినా ఊగుతుంది.

వీధికేమో నా మీద నమ్మకం లేదు. రేవులో ఓడలకు సైగలు పంపుతున్నానని ఎవరో అన్నారట. మా అత్తగారు భజనలో ఆ మాట విని వచ్చారు.

"బేటీ, ఆ మషీన్ బంద్ చెయ్. జనం మంచిగా చూస్తా లేరు."

ఎవరన్నారని అడిగితే మాట మార్చారు. ఆ పుకారు వెనక ఆమె కూడా ఉన్నారేమోనని కొన్నాళ్ళు అనుమానించాను.

ఒక సాయంత్రం చీకటి పడగానే పోలీసు వచ్చాడు. ఫిజీ హిందీలో మర్యాదగానే మాట్లాడాడు గానీ కూర్చోలేదు. ఈ కాగితాలు ఎక్కడికి పంపుతావన్నాడు. విదేశాలకని చెప్పగానే ముఖం బిగిసింది. పెన్నును నేనే కదుపుతున్నానేమోనని నన్ను షెడ్డు గుమ్మం బయట నిలబెట్టాడు. టెలిస్కోపు మూతికి తన టోపీ అడ్డం పెట్టాడు. గీత అడుగుకు పడిపోయింది. తీశాక మళ్ళీ లేచి ఊగింది. నన్ను లోపలికి పిలిచి, పక్క నక్షత్రానికి తిప్పమన్నాడు. గీత తిన్నగా సాగింది. మళ్ళీ మొదటిదానికి తిప్పమన్నాడు. మళ్ళీ అల. నమ్మకం కుదరక ఎన్నిసార్లు తిప్పించాడో.

"రెండూ ఒకే ఆకాశంలో ఉన్నాయి. ఇదొక్కటే ఎందుకు కదులుతోంది?"

పొగో కరెంటో అయితే రెండూ ఊగాలి. నక్షత్రమే లోపల కంపిస్తోందని చెప్పాను. అతను నమ్మినట్టు లేడు. కాగితం ముక్క చింపి జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

చాలా రోజులు పోలీసు జీపు మా వీధి మలుపులో ఆగేది. నేను కొలతలు ఆపలేదు. తర్వాత విదేశం నుంచి కవరు వచ్చింది. నా అల వాళ్ళ అలతో సరిగ్గా కలిసిందట. అత్తగారికి చదివి వినిపించాను. అంతకన్నా ముందు కవరు అంచును వెలుతురులో పెట్టి చూశాను. జిగురు రెండోసారి అంటించినట్టుంది.