నీళ్ల దగ్గర పేరు

వనపర్తిలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. దయ్యాల సంగతి ఎత్తినవాళ్లని ఆటపట్టించడం నాకు మహా సరదా. నేను వాటిని ఎన్నడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ ఆ దీవి మాట వస్తే మాత్రం కూర్చున్నచోట కుదురుగా ఉండలేను.

గద్వాల అవతల కృష్ణ నడుమ ఒక చిన్న దీవి ఊరుంది. అక్కడ నీటికుక్కలు తిరుగుతున్నాయని విని, పోయిన చలికాలం నేనూ మా ఆయన రవీ వెళ్లాం. మేం పేర్లతోనే పిలుచుకుంటాం. రేవులో గుండ్రటి పుట్టి పడవ ఎక్కి, వెనకబడ్డ అతన్ని కేకేశాను. "రవీ! రవీ, జల్ది రా!"

పుట్టి నడిపే ఈరన్న తెడ్డు అందుకోబోతూ ఆగాడు. "నీళ్లకాడ పేరు వెట్టి పిలువొద్దక్కా. ఓయ్ అంటే సాలు."

"పిలిస్తే ఏమైతదన్నా?"

"ఏమో, తెల్వదు. మా ఊర్ల ఎవ్వరూ పిలువరు, గంతే."

మొగుణ్ణి పేరు పెట్టి పిలిచానని దెప్పుతున్నాడనుకుని నవ్వేశాను.

రెండు గంటలు తిరిగాక, దీవి అంచున మూడు నీటికుక్కలు కనబడ్డాయి. ఒక్క చేప కోసం కొట్లాడుకుంటున్నాయి. రవినీ ఈరన్ననీ పెద్ద బండకు ఇవతలే కూర్చోమని, నేను అవతలికి వెళ్లి బోర్లా పడుకుని ఫోన్లో వీడియో తీశాను. అలికిడైతే మునిగిపోతాయని పెదవి కూడా కదపలేదు.

ఉన్నట్టుండి కుడివైపున రవి నీళ్లలోకి దిగుతూ కనిపించాడు. మోకాళ్ల లోతు దాటాడు. ఎదురుగా ఉన్న తుంగ గడ్డి వైపు చూస్తూ, "వస్తున్న, ఆగు" అంటున్నాడు.

"ఓయ్! నిలవడు! ఎన్కకు రా!" ఈరన్న అరిచాడు.

రవి ఆగాడు. తుంగ ముందు మొద్దులా తేలుతున్నది మెల్లగా మునిగింది. అది మొసలి.

అతన్ని ఒడ్డుకు ఎలా లాక్కొచ్చానో గుర్తులేదు. భయంతో ఏడ్చాను, నోటికొచ్చినట్టు తిట్టాను.

రవి అయోమయంగా చూశాడు. "నువ్వే గద పిలిచినవ్, తుంగలకెల్లి."

ఇంటికొచ్చి వీడియో పెట్టాం. నీటికుక్కల కిచకిచలు, గాలి చప్పుడు. తర్వాత దూరంగా నా గొంతు. "రవీ! రవీ, జల్ది రా!" రేవులో ఎలా అన్నానో అలాగే ఉంది. వీడియో తీస్తున్నప్పుడు మాత్రం అది నా చెవిన పడనే లేదు. ప్రతిధ్వని అనుకుందామంటే, అది రెండు గంటలు ఆగి రాదు కదా.

 

ఇప్పుడు వంటింట్లోంచి పిలిస్తే రవి పలకడు. లేచి వచ్చి, నా ముఖం చూశాకే "ఏంది?" అంటాడు.