కాజాల్లేని చొక్కాలు

ఆ దర్జీ కోపంతో పళ్ళు నూరితే, మూడు వీధుల అవతల పిండిమర నడిపే మనిషి తన మరే తిరుగుతోందేమోనని పరుగెత్తుకెళ్ళి చూసుకునేవాడు. అబద్ధమైతే ఆ మరనే అడగండి. అంత కోపమూ ఒక్కరి మీదే. దేవుడి మీద.

కొట్లో కత్తిరించడం, కుట్టడం ఆయన వంతు. కాజాలు భార్య వంతు. ఇరవై రెండేళ్ళు ఆమె చేత్తో కుట్టిన కాజాల్లో ఒక్క పోగు లేచింది లేదు. చొక్కా మసిగుడ్డయినా కాజా నవనవలాడుతూనే ఉండేది. ఓ పొద్దున ఆమెకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది, కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో పడుకుండిపోయింది. రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టమన్నాడు డాక్టరు.

దర్జీ పట్టిన ఓపిక మామూలుది కాదు. భారం దేవుడి మీద వేశానని చెప్పి, కాజాల మిషను కొనలేదు, మనిషిని పెట్టలేదు. ఇంకొకరి చేత ఒక్క కాజా కుట్టించినా, ఆమె చెయ్యి ఇక రాదని తనే ఒప్పుకున్నట్టవుతుందని లోపల భయం. పైకి మాత్రం పంతమనేవాడు. కుట్టిన చొక్కాలన్నీ కాజాల్లేకుండానే దండెం ఎక్కాయి.

మూడేళ్ళు గడిచాయి. దండెం వంగి ఇంద్రధనుస్సయింది. సన్నటి వాళ్ళు లావెక్కారు, లావుపాటి వాళ్ళు చిక్కిపోయారు. ఉద్యోగంలో చేరడానికి చొక్కా కుట్టించుకున్న ఒకాయన, రిటైరయ్యేలోగా ఇస్తావా అని అడిగి పోయాడు. దర్జీ అందరి మీదా విరుచుకుపడేవాడు. ఆ వెంటనే పైకి చూసి, ఇంకా ఎన్నాళ్ళని దేవుణ్ణి నిలదీసేవాడు.

ఓ మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ వచ్చి, దండెం మీది తన చొక్కా లాగి తొడుక్కున్నాడు. ముందు భాగం తెరిచిన తలుపుల్లా ఊగింది.

"భారం దేవుడి మీద వేశానంటావేంటి బాబాయ్? వేసింది నా చొక్కా మీద."

దర్జీ స్కేలు విసిరికొట్టాడు. ఆ చప్పుడికి లోపలి గదిలోంచి భార్య వచ్చింది. ఆమె మొహం చూసి ఆయన కోపం కాస్త వెనక్కి తగ్గింది.

"నీకంటే ఎక్కువ తిట్టాను నేను ఆ దేవుణ్ణి," అందామె. "తిడుతూనే ఎడం చేత్తో తల దువ్వుకుంటున్నా, బియ్యం కడుగుతున్నా. నువ్వేమో నా చచ్చుచేతిని దండెం మీద ఆరేసి ఊరందరికీ చూపిస్తున్నావు."

"నమ్మకం వదులుకోమంటావా?"

"అలిగి కూర్చుని దాన్ని నమ్మకమంటే ఎలాగయ్యా? సూది తియ్యి."

కళ్ళు మూసుకుని కోటు కత్తిరించగలిగిన మనిషికి కాజా కుట్టడం రాదు. ఆమె ఎడం చేత్తో బట్ట బిగించి పట్టుకుంది. ఆయన కుట్టాడు. దారం అంత లాగకు, అంచు పట్టు, అది గుడ్డ, గోనె కాదు అంటూ కుట్టుకుట్టుకీ తిట్టింది. రెండుసార్లు విప్పించింది. చివరికి తేలిన మొదటి కాజా మెల్లకన్నులా ఉంది. తన చొక్కా తనవైపు కోపంగా చూస్తోందన్నాడు పోస్ట్‌మ్యాన్. ఎవరూ నవ్వలేదు. అయినా మిగతా నాలుగూ అయ్యేదాకా అతను కదల్లేదు.

అతను వెళ్ళాక ఇంకో చొక్కా దించారు. సూది వేలికి గుచ్చుకున్నప్పుడల్లా దర్జీ పైకి చూసి గొణుగుతున్నాడు.

"కోపం తగ్గలేదా?" అడిగిందామె.

"ఎలా తగ్గుతుంది? చెయ్యి ఇంకా ఇవ్వలేదుగా ఆయన."

"నాకూ తగ్గలేదు. కుట్టు," అని ఆమె బట్టని తర్వాతి గుర్తు దగ్గరికి జరిపింది.