చుట్టరికం అడగని శనివారాలు

గద్వాలకు వచ్చిన కొత్తలో నేను టీవీలో వార్తలు చదివే అమ్మాయికి జవాబులు చెప్పేదాన్ని. ఆమె "రేపు వాతావరణం పొడిగా ఉంటుంది" అంటే, "ఎప్పుడు తడిగ ఉండె తల్లీ మనకాడ" అనేదాన్ని. మా ఆయనకు ఇక్కడ విత్తనాల గోదాములో పని దొరికితే వీపనగండ్లలో పొలం కౌలుకిచ్చి వచ్చాం. ఆయన పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వస్తాడు. వచ్చినా మాట్లాడడు, గురక పెడతాడు. మా అత్తమ్మ ఊళ్లోనే చిన్నకొడుకు దగ్గర ఉండిపోయింది. ఆమె లేని ఇల్లు ఎంత హాయో అని మురిసిపోతూ వచ్చినదాన్ని, నెల తిరగకముందే పోట్లాడడానికైనా ఒక మనిషి లేదే అని బెంగ పెట్టుకున్నాను.

ఊళ్లో నాకు మనుషులకు కొదవ లేదు. అయితే అందరూ వరుసైనవాళ్లే. వదినెలతో వేళాకోళం, పిన్నులతో వినయం, తోడికోడలితో జాగ్రత్త. ఎవరితో ఎంత నవ్వాలో నేను పుట్టకముందే ఎవరో కొలిచి పెట్టారు. బడి మానేసిన తర్వాత నాకు స్నేహితురాలంటూ ఒక్కతె కూడా లేదని, యాభై దగ్గర పడ్డాక, గద్వాలలో కిరాయి ఇంట్లో ఉల్లిగడ్డలు తరుగుతూ గ్రహించాను. ఆ రోజు ఏడ్చింది ఉల్లిగడ్డల వల్ల కాదు.

మా ఇంటి ఓనరమ్మ నా వాలకం చూసి ఒక శనివారం మధ్యాహ్నం నన్ను క్లబ్బుకు లాక్కుపోయింది. క్లబ్బంటే పేకాట అనుకుని నేను దారి పొడుగునా దేవుణ్ని తలుచుకున్నాను. తీరా చూస్తే చీరల దుకాణం పైన ఒక పెద్ద గది, నాలుగు చాపలు, ఒక టీ ఫ్లాస్కు, గట్టిగా మాట్లాడే ఆడవాళ్లు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకూ, ఊళ్లోనే ఉండి ఎవరూ లేనివాళ్లకూ స్నేహాలు కలపడం ఆ క్లబ్బు పని. నడిపేది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. అందరూ ఆమెను పెద్దటీచరు అంటారు. అక్కడ పేరు పెట్టి పిలవని ఒకే ఒక్క మనిషి ఆమె.

"నీ పేరు చెప్పు, చాలు" అంది ఆమె. చెప్పాను. చాప మీద కూర్చుని, పక్కనున్నామెను మర్యాదగా "మీదే ఊరు?" అని అడిగాను. గదంతా చప్పట్లు కొట్టింది.

అది ఆ క్లబ్బులో నేరమట. ఊరు అడగకూడదు, ఇంటిపేరు అడగకూడదు, ఎవరింటి కోడలివని అస్సలు అడగకూడదు. పేరు పెట్టి పిలవాలి, నువ్వు అనాలి. తప్పితే వచ్చే శనివారం అందరికీ మిరపకాయ బజ్జీలు చేసుకురావాలి.

"ఊరడిగితే ఇంటిపేరు దాకా పోతరు, ఇంటిపేరు తెలిస్తే వరుస కలుపుతరు" అంది పెద్దటీచరు. "వరుస కలిసినంక ఇగ దోస్తానేడిది? ఒకరు కుర్చీల, ఒకరు కింద."

ఇదేం పిచ్చి రూలో అనుకున్నాను గానీ, మరుసటి వారం బజ్జీలు వేసుకుని పోయాను. నేను ఊరడిగిన ఆ పక్కామె, నాకంటే ఐదారేళ్లు చిన్నది, ఒక బజ్జీ కొరికి అటూ ఇటూ తిప్పి చూసింది. "దీంట్ల మిరపకాయ ఏడ పోయిందే? అంతా పిండే గదా!" అంది, అందరి ముందే. నాకు చిర్రెత్తింది. కోపంగా నేనూ ఒకటి కొరికాను. నిజంగానే పిండే. ఇద్దరం నవ్వలేక చచ్చాం. నా వంటకు వంకలు పెట్టినవాళ్లు అంతకుముందు చాలామంది ఉన్నారు, కానీ నన్ను కూడా కలుపుకుని నవ్వింది ఆమె ఒక్కతే.

చాలా ఏళ్లు రాయచూరు వైపు ఉండి వచ్చానని, నేను అడగకుండానే, తనే చెప్పింది. నన్ను చూడగానే "ఊట ఆయ్తా?" అని కన్నడంలో అరిచేది, అంటే తిన్నావా అని. తిన్నానంటే "అయితే మళ్ల జర తిను" అని చేతిలో ఏదో ఒకటి పెట్టేది. క్లబ్బులో ఇద్దరిద్దరిని జత చేసి, ఇద్దరికీ రాని పని ఒకటి కలిసి నేర్చుకోమనేవాళ్లు. మేము స్కూటీ ఎంచుకున్నాం. ఆమె ముందు, నేను వెనక. ఇద్దరికీ రాదు కాబట్టి ఎవరి మాటా ఎవరూ వినలేదు. ఒక మేకనూ, ఒక ఇసుక కుప్పనూ పలకరించి వచ్చాం.

నా దగ్గర ఒక గొప్ప విద్య ఉంది, మా అత్తమ్మ నడక. కొంగు నడుముకు బిగించి, గొంతు రెండుసార్లు సవరించి, "ఉప్పు ఎవరేసిండ్రు?" అని పోలీసులా అడిగే ఆ తీరు మొత్తం నాకు వచ్చు. నా స్నేహితురాలు ప్రతి శనివారం నాతో అది చేయించుకుని చాప మీద పడి దొర్లేది. ఇంట్లో ఎవరికీ చెప్పని మాటలన్నీ ఆమెకు చెప్పేశాను.

అంత సుఖం ఎన్నాళ్లుంటుంది? వనపర్తిలో మా ఆయన తరఫు పెళ్లి వచ్చింది. ఊరి నుంచి అత్తమ్మ కూడా వచ్చింది. ఫంక్షన్ హాలులో భోజనాల దగ్గర, ప్లేటు పట్టుకుని నిలబడ్డ నా స్నేహితురాలు కనపడింది. సంతోషం పట్టలేక అరుద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఒకాయన వచ్చి మా అత్తమ్మ కాళ్లకు మొక్కి, "వదినె, గుర్తు పట్టినవా?" అన్నాడు. ఆయన మా మామ చిన్నాయన కొడుకు. ఎప్పుడో రాయచూరు వైపు వెళ్లిపోతే రాకపోకలు ఆగిపోయాయి. ఆయన వెనక్కి తిరిగి, "ఇగో, నీ తోడికోడలు" అని భార్యను ముందుకు పిలిచాడు.

ప్లేటు పట్టుకునే వచ్చింది నా స్నేహితురాలు.

 నేను నడిచిన అత్తమ్మ నడకలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. అత్తమ్మ నా వైపు చూసి, "ఏందే గట్ల నిలవడ్డవ్? నా తోడికోడలు నీకు అత్త గాదా? కాళ్లు మొక్కు" అంది. మొక్కాను. నాకంటే చిన్నదైన ఆ మనిషి, ఏం చేయాలో తోచక, నా తల మీద చెయ్యి పెట్టి "సల్లగుండు బిడ్డా" అంది.

"మీకు ముందుగాలనే ఎరుకనా?" అని అడిగింది అత్తమ్మ, మా ముఖాలు చూసి.

"తెల్వదు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

పెళ్లయ్యాక అత్తమ్మ మాతో గద్వాలకు వచ్చింది. ఇన్నేళ్లకు కలిసిన తోడికోడలిని ఇంటికి పిలిచి చీర పెట్టాల్సిందే అంది. వాళ్లిద్దరూ వచ్చారు. స్కూటీ మీద నా ముందు కూర్చుని మేకను తిట్టిన మనిషి, మా ఇంట్లో కుర్చీ అంచున కొంగు నిండా కప్పుకుని కూర్చుంది. ఆ కంగారులో నేను పప్పులో ఉప్పు మరిచిపోయాను. అత్తమ్మ ఒక ముద్ద తిని, గొంతు రెండుసార్లు సవరించి, "ఉప్పు ఎవరేసిండ్రు?" అంది.

నేను చటుక్కున నా స్నేహితురాలి వైపు చూశాను. ఆమె తలెత్తలేదు. "మంచిగనే ఉన్నది అక్కా, సరిపోయింది" అని ఆ చప్పిడి పప్పే మళ్లీ వడ్డించుకుంది.

పిండి బజ్జీని అందరి ముందూ ఏకిన మనిషి!  పోయేటప్పుడు చీర పెట్టి, "మళ్ల రాండి అత్తా" అన్నాను. అత్తమ్మ తృప్తిగా తలూపింది. నేను వంటింట్లో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చాను. యాభై ఏళ్లకు ఒక్క స్నేహితురాలు దొరికితే, ఆమెను కూడా చుట్టాల్లో కలిపేశారు.

శనివారం వచ్చింది. పోవాలా వద్దా? పోతే ఏమని పిలవాలి? పేరు పెట్టి పిలిచానని అత్తమ్మకు తెలిస్తే ఊరంతా వినపడుతుంది. అత్తా అని పిలవడానికైతే ఆ మెట్లెక్కడం దేనికి? అసలు ఆమె రాకపోతే? ఆ చివరి భయంతోనే పోయాను. ఆమె ఇంకా రాలేదు. చాప మీద కూర్చుని టీ తాగుతూ, ఎవరేమన్నా వినపడక ఊ కొడుతున్నాను.

మెట్ల మీద చప్పుడైంది. గుమ్మంలో ఆమె కనపడింది. అత్త వరుస మనిషి గదిలోకి వస్తే ఏం చేయాలో నన్ను అడగకుండానే నా మోకాళ్లకు తెలుసు. గ్లాసు కింద పెట్టి, కొంగు సర్దుకుని లేచి నిలబడ్డాను. 

ఆమె గుమ్మంలోనే ఆగి, వెనక్కి తిరిగి మెట్ల కిందికి చూసింది. బాగా వంగి మరీ చూసింది. మళ్లీ నా వైపు తిరిగి, "ఎవరొచ్చిండ్రని లేసినవ్?" అంది.

"మీరే గదా... అత్తా" అన్నాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఇంట్ల నిరుడొచ్చిన కోడలికి అత్తను. మా అత్తకు కోడల్ని. ఇప్పుడు మీ అత్తకు తోడికోడల్ని. వారమంత కొంగు సర్దుకుంట, అన్ని మంచిగున్నయ్ మంచిగున్నయ్ అనుకుంట తిరుగుత" అంది. "నీకాడ గూడ అత్తనే అయితే, నేను యాడికి పోయి నవ్వాలె, చెప్పు?"

 ఇన్ని రోజులూ నా స్నేహితురాలు పోయిందని నేను ఏడ్చాను గానీ, ఆమెకూ ఒక స్నేహితురాలు పోయిందని నాకు తట్టనే లేదు.

"కూసో" అన్నాను, ఆమె పేరు పెట్టి. కింద దుకాణంలోకి కూడా వినపడేంత గట్టిగా.