తప్పంతా రాయిదే

రాయి మేస్త్రి దగ్గరికి ఏ బండి వెళ్ళినా, ఏ జబ్బుతో వెళ్ళినా, చివరికి కారణం ఒక్కటే తేలేది: రాయి. ఆయనకు అసలు పేరు ఉండే ఉంటుంది గాని, ఆయన కార్ల రిపేరు షెడ్డుకు బోర్డు రాసిన పెయింటరు కూడా దాన్ని కనుక్కునే ప్రయత్నం చేయలేదు. పని పూర్తికాగానే మేస్త్రి చొక్కా జేబులోంచి ఒక గులకరాయి తీసేవాడు. "ఇదిగో, ఇదే దొంగ" అంటూ యజమాని అరచేతిలో పెట్టేవాడు.

ఏసీ చల్లబడకపోతే రాయి. హారన్ గొంతు పోతే రాయి. ఒకసారి పళ్ళ డాక్టరు కారు పైకప్పు సొట్టపడింది. "పైకప్పుకి రాయెలా తగిలిందయ్యా?" అని డాక్టరు అడిగాడు. "కొన్ని ఎగురుతాయి సార్" అన్నాడు మేస్త్రి, డాక్టరుగారి భార్య వైపు పొరపాటున కూడా చూడకుండా. పెట్రోలు కారులో డీజిల్ పోయించుకొచ్చిన కొత్త అల్లుడికీ రాయే దక్కింది. పక్కనే నిలబడ్డ మామ ఆ రాయిని వాసన చూసి, అల్లుడి జేబులో వేశాడట.

ఈ కథలన్నీ విని, కొండ మీద ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సు ఒకామె కడుపుబ్బ నవ్వేది, తను నడిపే కారులో పసుపు దీపం వెలిగేదాకా.

ఆ కారు ఆమె మామగారిది. రిటైరైనప్పుడు ముచ్చటపడి కొనుక్కున్న ఎస్‌యూవీ. అవసరమైతే నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి. కొండ మీది ఆరోగ్య కేంద్రానికి బస్సు లేదు కాబట్టి, వారంలో మూడు రోజులు కోడలికి ఇచ్చేవారు. ఊరికే ఇవ్వలేదు. ఆయన బస్సు డిపోలో ప్రమాదాల విచారణాధికారిగా ముప్పయ్యేళ్ళు పనిచేసిన మనిషి. ఏ బస్సు దేన్ని గుద్దినా తప్పెవరిదో తేల్చడమే ఉద్యోగం. ఇంట్లో పాలు పొంగినా సాక్షుల్ని పిలిచేవారు.

"కారుకి దెబ్బ తగిలిన రోజు తాళం నా సొరుగులోకి వచ్చేస్తుందమ్మా" అన్నారు మొదటి రోజే.

"ఎవరి తప్పైనా సరేనా మావయ్యగారూ?"

"ఎవరిదో తేల్చాకే."

ఆ మాట అని, ఎప్పటిలాగే "మూడు అద్దాలు, ఒక మెడ" అని లోపల్లోపల గొణుక్కుంటూ కారును వెనక్కి తీశారు. రివర్సు వేసే ప్రతిసారీ ఆయన అదే గొణిగేవారు. అదేం మంత్రమో కోడలికి అంతుపట్టలేదు. అడిగే ధైర్యమూ లేదు.

దెబ్బ తగలనే తగిలింది. కొండ మలుపులో నీళ్ళ ట్యాంకరుకు దారి ఇవ్వబోయి పక్కకు తీస్తే, వెనక ఎడమ టైరు కల్వర్టు అంచుకు ఒరుసుకుని పక్కభాగం చిరిగింది. డిక్కీలో పసిపిల్లల టీకాల పెట్టె ఉంది. కొండ మీద కేంద్రంలో ఇరవైమంది తల్లులు కూర్చుని ఉన్నారు. పెట్టెలో ఐసు కరుగుతోంది. మలుపు కిందే ఉన్న టైర్ల కొట్టువాడు ఒక కొత్త టైరు దొర్లించుకొచ్చి, "సైజు దాదాపు ఇదేనమ్మా" అన్నాడు. ఆ తొందరలో 'దాదాపు' అన్న ముక్క ఆమె చెవికెక్కలేదు. టీకాలు వేళకు చేరాయి. ఇంట్లో మాత్రం ఆమె నోరు విప్పలేదు.

మర్నాడే మీటర్ల మధ్య పసుపు దీపం వెలిగింది. జారుతున్న కారు బొమ్మ, కింద రెండు వంకర గీతలు. దాని పక్కన, ఆల్ వీల్ డ్రైవ్ పనిచేయడం లేదని ఇంకో సందేశం. మలుపుల్లో బండి కుదుపులు మొదలుపెట్టింది. వానకు తడిసిన ఎత్తులో ముందు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. వెనకవి మాత్రం తమకేమీ సంబంధం లేనట్టు ఊరుకున్నాయి. మామగారు నోటుపుస్తకం తీశారు. తేదీ, వేళ, వాన, వేగం అన్నీ రాసి, కింద 'బాధ్యులు' అని గీత గీసి ఖాళీ వదిలారు. ఆ ఖాళీ చూసినప్పుడల్లా కోడలికి గుండెల్లో రాయి పడేది. తాళం పోతే కొండ మీది ఉద్యోగం పోయినట్టే.

శనివారం పొద్దున్నే ఇద్దరూ కారును షెడ్డుకు తీసుకెళ్ళారు.

"దీపం వెలుగుతోంది" అన్నారు మామగారు. "తప్పెవరిదో నాకు తెలియాలి."

"రాయిదై ఉంటుంది సార్" అన్నాడు మేస్త్రి, బానెట్టు వైపైనా చూడకుండా.

"చూడకుండానే?"

"చూస్తే మాత్రం మారుతుందా?"

మేస్త్రి కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వెనక ఎడమ టైరు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "సార్, మీరు డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. గేరు న్యూట్రల్‌లో పెట్టండి. నేను చెప్పేదాకా ముందుకే చూడాలి. ఇది మీవంటివాళ్ళే చేయగల పని" అన్నాడు. మామగారు పొంగిపోయి, బిగుసుకుని కూర్చున్నారు.

మేస్త్రి వెనక రెండు టైర్ల అడుగునా, నేల మీదా సుద్దముక్కతో గీతలు పెట్టాడు. నర్సూ అతనూ కలిసి బండిని నెమ్మదిగా తోశారు. ఒక్కో టైరు ఒక చుట్టు తిరిగి, సుద్దగీత మళ్ళీ నేలను తాకిన చోట ఇంకో గీత పెట్టాడు. కుడి టైరు గీత కన్నా ఎడమ టైరు గీత నాలుగు వేళ్ళు వెనకబడింది.

"కొత్తది కురచ అడుగులేస్తోందమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "మిగతా మూడింటితో సమంగా పోవాలంటే ఎక్కువ చుట్లు తిరగాలి. అది చూసి కంప్యూటరు, ఈ చక్రం జారుతోందని భ్రమపడి దీపం వెలిగిస్తోంది. వెనక చక్రాలకి బలం కూడా ఆపేస్తోంది. బండిలో జబ్బేం లేదు. ఎక్కడ వేయించావు?"

"మలుపు కింద. దాదాపు అదే సైజన్నాడు. పెట్టెలో ఐసు కరిగిపోతోందండీ."

"దాదాపు సరిపోయే చెప్పు ఒక కాలికేసుకుని కొండెక్కి చూడు, తెలుస్తుంది." తిట్టలేదు. పాత టైరు పక్కన అచ్చువేసిన అంకెలు చూపించి చదవమన్నాడు. "కంఠతా వచ్చేదాకా వదలను."

"రెండువందల ముప్పై ఐదు, అరవై, పద్దెనిమిది" అని ఆమె మూడుసార్లు ఒప్పజెప్పింది. కురచ టైరు మీద అరవై ఉండాల్సిన చోట యాభై అయిదు ఉంది.

"నే కదలొచ్చా?" అన్నారు మామగారు ముందునుంచి.

"ఇంకాసేపు సార్. బాగా పట్టుకున్నారు."

మధ్యాహ్నానికి సరైన టైరు ఎక్కింది. పాత మూడూ ఇంకా పెద్దగా అరగలేదు కాబట్టి ఒక్కటే సరిపోయింది. కంప్యూటరు పెట్టుకున్న అపోహను మేస్త్రి చెరిపేశాడు. ముగ్గురూ కారులో వీధి చివర తడి ఎత్తు మీదికి ఎక్కారు. కుదుపు లేదు, జారుడు లేదు, దీపం లేదు. షెడ్డుకు తిరిగొచ్చాక మేస్త్రి జేబులో చెయ్యి పెట్టాడు.

"ఇదిగో సార్. ఇదే దొంగ. టైరు కోసేసింది."

అది చక్కగా కడిగిన, నున్నటి, తెల్లటి రాయి. అటువంటివే షెడ్డు గుమ్మం దగ్గర పూలకుండీ నిండా ఉండటం నర్సు అప్పుడే గమనించింది. అంతవరకూ తను నవ్వుకున్న డాక్టరు భార్యా, డీజిల్ అల్లుడూ వరసగా గుర్తొచ్చారు. ఆమెకు మేస్త్రి చేతులు కళ్ళకద్దుకోవాలనిపించింది.

మామగారు రాయిని అటూ ఇటూ తిప్పి చూశారు. టైరును అది ఎలా కోసిందని అడగలేదు. నోటుపుస్తకం తెరిచి, ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఒక్కసారీ రాయని మాట రాశారు: 'బాధ్యులు: రాయి'.

ఇంటికి రాగానే తాళం చేత్తో పట్టుకుని నేరుగా సొరుగు దగ్గరికే వెళ్ళారు. కోడలు వెనకే వెళ్ళింది. ఆయన సొరుగు తెరిచి, తెల్లరాయిని లోపల పెట్టారు. అక్కడ అలాంటివే నున్నటి రాళ్ళు మూడు ఉన్నాయి.

"ఇది మన గేటు. ఇది పక్కింటివాళ్ళ స్కూటరు" అన్నారు వేలితో చూపిస్తూ. "మూడోది మీ అత్తయ్య తులసికోట. అది గేదె పడేసిందని ఆవిడ నమ్మకం. అలాగే ఉండనీ."

"రివర్సు చేసేటప్పుడేనా మావయ్యగారూ?"

"మూడు అద్దాలు, ఒక మెడ. అవి చూసి, ఇది తిప్పాకే వెనక్కి తీయాలని మేస్త్రి నాచేత వందసార్లు ఒప్పజెప్పించాడు." తాళం ఆమె చేతిలో పెట్టారు. "నీకేం పాఠం చెప్పాడు?"

"రెండువందల ముప్పై ఐదు, అరవై, పద్దెనిమిది" అంది కోడలు, నవ్వాపుకోలేక.