పైకి అనుకుంటూ కలిపిన పూత

మొన్న ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "మేస్త్రి పెదనాయన పోయినాడే," అంది. నేను హైదరాబాదులో ఒక పెద్ద లా ఫర్మ్‌లో పనిచేస్తాను. కంపెనీల వ్యాపార రహస్యాలు బయటికి పొక్కకుండా చూసే విభాగం మాది. ఆ పనికి ఎంత పదునుందో మాత్రం మార్కాపురంలో, ఆయన ఎదుట కూర్చున్న రోజునే తెలిసింది.

పెదనాయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. పలకరాయి ఫ్యాక్టరీలో మేస్త్రి. రాతికి నల్లటి మెరుపు తెచ్చే పూత ఆయనే కలిపేవారు. పండగనాడు కూడా గోళ్ల సందుల్లో మసి ఉండేది. నేను కనిపిస్తే చాలు, "ఏంది లాయరమ్మా, ఇయ్యాల ఎవురి కొంప ముంచినావు?" అనేవారు. నవ్వేసేదాన్ని.

రెండేళ్ల కింద ఆ ఫ్యాక్టరీవాళ్లే మా క్లయింటు అయ్యారు. పెదనాయన దగ్గర పనిచేసి మానేసిన సుగుణమ్మ గిద్దలూరు రోడ్డులో సొంత షెడ్డు వేసుకుని అదే మెరుపు తెస్తోంది. రహస్యం దొంగిలించింది, షెడ్డు మూయించాలి అని కేసు. పూత కొలతలు బయటివాళ్లెవరికీ తెలియవని మేస్త్రి అఫిడవిట్ కావాలి. ఊరిదాన్ని కదా అని నన్ను పంపారు.

ఫ్యాక్టరీలో పెదనాయన ఎదుట కూర్చుని కాగితం చదివి వినిపించాను. ఫ్యాక్టరీ మేనేజరు పెన్ను మూత తీసి పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"ఎవరికైనా చెప్పినావా పెదనాయనా?"

"ఎవురికీ చెప్పలా, ఒట్టు." పెన్ను అందుకుని ఆగారు. "కానీ పాపా, సంతకం తప్ప నాకు చదువు రాదు గదా. పైకి అనుకుంటా కలుపుతా. నోరు అనకపోతే చెయ్యి తప్పుతాది. షెడ్డంతా వినేది. అది చెప్పినట్టా, కానట్టా?"

"అవన్నీ ఎందుకు? సంతకం పెట్టు, లేదంటే రేపట్నుంచి పనికి రావద్దు," అన్నాడు మేనేజరు.

పెదనాయన నావైపు చూశారు.

"నేను కంపెనీ లాయర్ని పెదనాయనా. నువ్వు ఏమంటే అదే రాస్తా," అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"అయితే ఇట్ల రాయి. పైకి అనుకుంటా కలుపుతా. ఆ పిల్ల చెవులు మూసుకోని పనిచేసిందా ఏంది?"

అట్లాగే రాశాను. సంతకం పెట్టారు. పదిమంది చెవిన పడ్డది చట్టం ముందు రహస్యం కాదు. కంపెనీ కేసు వెనక్కి తీసుకుంది. పెదనాయన పని మర్నాడే పోయింది. నా ఉద్యోగం నాకుంది.

సుగుణమ్మ పనికి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా ఆయన వెళ్లలేదు. "కూలికి సాక్ష్యం చెప్పినాడంటారు," అనేవారు. సందుల్లో చుట్టు తిరిగి పోయేవారేగానీ, ఆ షెడ్డు ముందు అడుగు పెట్టేవారు కాదు.

నిన్న పెదనాయనను శవపెట్టెలో సమాధుల తోటకు తీసుకుపోతుంటే, మలుపు దగ్గర సుగుణమ్మ పెట్టెకు అడ్డంగా నిలబడింది. "ఇట్ల పోదాం," అంది. ఎవరూ కాదనలేదు. షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. పనిచేసే ఆడవాళ్లు మసి చేతులతోనే బయటికొచ్చి, పెట్టెను భుజాల మీదికి అందుకుని, గడప ముందు దించారు.